సాయమ్మ బీడీ

సాయమ్మ బీడీ తాగుతుందని చంద్రపూర్ జిల్లా సాస్తి గనుల కాలనీలో అందరికీ తెలుసు. తన ఇంట్లోవాళ్లకు మాత్రం తెలియదని సాయమ్మ నమ్మకం.

ముప్పై నాలుగేళ్ల అలవాటది. కొడుకు ప్రహ్లాద్ పుట్టిన ఏడు పన్నుపోటు లేచి రెండు రోజులు కన్ను మూయనివ్వకపోతే, అత్త తను తాగుతున్న చుట్టను సగానికి విరిచి చేతికిచ్చి, "పీల్చు, పురుగు సస్తది" అంది. పురుగు చచ్చిందో లేదో గానీ పొగ మాత్రం ఉండిపోయింది. చుట్ట పోయి బీడీ వచ్చింది. మొగుడు రాయమల్లు బొగ్గుబాయిలో పని చేసినన్నాళ్లు, షిఫ్టు దిగి వచ్చాక ఇద్దరూ గడపలో కూర్చుని చెరొకటి ముట్టించుకునేవాళ్లు. అతను పోయిన మరుసటేడు ఇంటికి కోడలు వచ్చింది. "ఇగ మానెయ్యమ్మా, మంచిగుండదు" అన్నాడు ప్రహ్లాద్. "మానేసిన బిడ్డా" అంది సాయమ్మ. అన్నదొకటి, చేసిందొకటి. గడపలో తాగే బీడీ వంటింట్లోకి మారింది, అంతే.

పగలంతా ఇంట్లో ఉండేది సాయమ్మ, మనవరాలు దివ్య. ప్రహ్లాద్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. కోడలు అక్షిత రాజురా తహసీలు కచేరీలో కంప్యూటర్ పని చేస్తుంది. పొద్దున పదింటికి పోతే ఆరు దాటాకే రావడం. దివ్యకు రెండున్నరేళ్లు. చుట్టుపక్కల మరాఠీ పిల్లలను చూసి నాయనమ్మను "ఆజీ" అని పిలుస్తుంది. దాన్ని నిద్రపుచ్చి, మధ్య తలుపు దగ్గరికి వేసి, వంటింట్లో గ్యాసుపొయ్యి పక్కన పీట మీద కూర్చుని తాగేది సాయమ్మ. రోజుకు నాలుగు, ఒక్కోరోజు ఐదు. తాగాక నోరు పుక్కిలించి సోంపు వేసుకునేది. పిల్ల ఎదుట ఏనాడూ అగ్గిపుల్ల గీయలేదు. అక్కడికి అది తన నీతి.

చలికాలంలో దివ్యకు మొదటిసారి ఆయాసం వచ్చింది. ఛాతీలో పిల్లికూతలు. రాజురాలో పిల్లల డాక్టరమ్మ మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించింది. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్టు తాగుతారా అని మరాఠీలో అడిగింది. "నాహీ మేడమ్, కోణీచ్ నాహీ" అంది అక్షిత. ఎవ్వరూ తాగరని. పక్కనే నిలబడ్డ సాయమ్మ నోరు విప్పలేదు. హోళీ పోయిన వారానికి మళ్లీ ఆయాసం. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. డాక్టరమ్మ దోమల బత్తీ వద్దంది, ఊదుబత్తి వద్దంది, బొగ్గుదుమ్ము రాకుండా కిటికీలు మూయమంది. కిటికీలు మూశారు.

సాయమ్మ లోపల రెండు భయాలు పెరిగాయి. పిల్లకు తన వల్లే ఇట్లా అవుతుందేమో అన్నది ఒకటి. దాన్ని అణచడానికి ఆమె దగ్గర మాటలుండేవి. ప్రహ్లాద్ పొగలనే పెరిగిండు, వానికేమయింది? గింత బొగ్గుదుమ్ము ముందట నా బీడీ ఎంత? రెండో భయానికి మాత్రం మాటలు దొరికేవి కావు. నిజం చెబితే కోడలు పిల్లను ఇంకెవరి చేతిలోనో పెడుతుంది. తనను గోండ్‌పిప్రిలో కూతురు చంద్రకళ ఇంటికి పంపిస్తారు. కూతురి అత్తమామల ముందు కంచం పట్టుకుని కూర్చోవాలి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకొక బీడీ ముట్టించేది.

మే నెల మూడో వారం. పదకొండు దాటితే కాలనీలో కుక్క కూడా బయట కనబడని ఎండలు. ఆ రోజు ప్రహ్లాద్ రెండో షిఫ్టుకు పోయాడు. సాయమ్మ పిల్లకు పెరుగన్నం పెట్టి, ముందుగదిలో కూలర్ ఎదురుగా పడుకోబెట్టి, వంటింట్లోకి వెళ్లింది. వడగాలి కొడుతోందని వంటింటి కిటికీ కూడా మూసి ఉంది. మూడు గంటలప్పుడు రెండో బీడీ సగంలో ఉండగా కరెంటు పోయింది. కూలర్ గుర్రుమని ఆగిపోయింది.

పిల్లకు ఉక్కపోస్తుందేమోనని సాయమ్మ బీడీ చేత్తో పట్టుకునే మధ్య తలుపు తీసింది. గదంతా చీకటిగా ఉంది. పడమటి కిటికీ రెక్కకు ఒక చిల్లు ఉంది. దానిలోంచి ఎండ కడ్డీలాగా ఏటవాలుగా లోపలికి దిగి, సరిగ్గా పిల్ల పరుపు అంచు మీద పడుతోంది. ఆ ఎండలో పొగ కనబడింది.

నీలంగా, నూలుపోగులు చిక్కుపడ్డట్టు, మెల్లగా కదులుతూ ఉంది. తను వదిలిన పొగ కిటికీ సందులోంచి పోతుందనే ఇన్నాళ్లూ అనుకుంది. అది ఎటూ పోలేదు. తలుపు కిందినుంచి, పక్క సందుల్లోంచి వచ్చి ఈ గదిలోనే ఉంది. పిల్ల ముక్కు మీద, మూతి మీద, ఎండ పడ్డంత మేర అదే కనబడుతోంది. ఎండ పడనిచోట ఇంకెంత ఉందో.  బీడీని గోడకు రుద్ది ఆర్పేసింది.

అప్పుడే దివ్య దగ్గింది.

ఒకటి, రెండు, తర్వాత ఆగకుండా. లేచి కూర్చుని దగ్గింది. సాయమ్మ వీపు నిమిరింది, నీళ్లు తాగించబోయింది. నీళ్లు దిగలేదు. కాసేపట్లో పిల్లికూతలు మొదలయ్యాయి. గౌను పైకెత్తి చూస్తే పిల్ల డొక్కలెగరేస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. గొంతు కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు పక్షిపిల్ల రెక్కల్లాగా కొట్టుకుంటున్నాయి. డాక్టరమ్మ ఇచ్చిన, నోట్లోకి మందు కొట్టే పంపు పట్టించింది, అక్షిత నేర్పినట్టే రెండుసార్లు. తగ్గలేదు. "ఆజీ" అనబోయింది దివ్య. "ఆ" వచ్చింది గానీ తర్వాత అక్షరానికి ఊపిరి చాలలేదు.

సాయమ్మ కొడుక్కు ఫోన్ చేసింది. గనిలో సిగ్నల్ లేదు. కోడలికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పిల్ల పెదవులు చూసింది. గులాబీరంగు పోయి నేరేడుపండు తొక్క రంగు వస్తున్నట్టు అనిపించింది. చీకట్లో అట్లా కనబడుతోందేమో, నిజంగానే అట్లా ఉందో తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. పిల్లను భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పరుగెత్తింది.

కాలనీ మూల మీద సదానందం కిరాణా దుకాణం ఉంది. కరీంనగర్ నుంచి తాతలనాడు వచ్చిన కుటుంబం. సదానందం సగం షట్టరు దించుకుని కునుకు తీస్తున్నాడు.

"సేటూ, పిల్లకు దమ్మాడుతలేదు" అంది సాయమ్మ. 

అతను పిల్లను ఒక్క చూపు చూసి, షట్టరు కూడా దించకుండా స్కూటర్ తీశాడు. "కూసో సాయమ్మక్కా. గట్టిగ పట్టుకో."

రాజురా ఏడు కిలోమీటర్లు. గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొడుతోంది. బొగ్గు లారీల వెనక దుమ్ము. సాయమ్మ కొంగు తీసి పిల్ల ముఖానికి కప్పింది. కప్పాక, కొంగులోంచి వాసన వచ్చింది. పొద్దుటినుంచి తాగిన బీడీలన్నీ ఆ కొంగులోనే ఉన్నాయి. ఎన్నడూ తన ముక్కుకు తగలని వాసన ఆ క్షణాన తగిలింది. చప్పున కొంగు లాగేసింది. ఎండకు పిల్ల ముఖం కందిపోతుందని అరచేయి అడ్డం పెట్టబోయింది. చేతికీ అదే వాసన. ఏది అడ్డం పెట్టాలో తెలియక, తన తలను వంచి పిల్ల మీద నీడ పడేట్టు పట్టింది. ఊపిరి బిగబట్టుకుంది, తన ఊపిరి కూడా పిల్లకు తగలకూడదని. పిల్లికూతలు వినబడినంతసేపు ఒక భయం. లారీ హారన్‌లో అవి వినబడకపోతే ఇంకా పెద్ద భయం.

"దేవుడా, నా పానం తీసుకపో. దీన్ని ఇడిచిపెట్టు" అని ఏడు కిలోమీటర్లూ అదే మాట అనుకుంది.

ఆస్పత్రిలో నర్సు చేతుల్లోంచి పిల్లను తీసుకుని లోపలికి ఉరికింది. వేలికి ఏదో తగిలించి చూసి డాక్టరమ్మను కేకేసింది. మాస్కు పెట్టారు, సూది ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. సాయమ్మ గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడింది. లోపలికి రమ్మన్నా పోలేదు. అరికాళ్లు బొబ్బలెక్కాయని సదానందం చెబితే గానీ ఆమెకు తెలియలేదు. అతనే అక్షిత కచేరీకి ఫోన్ చేయించాడు, గని ఆఫీసుకు కబురు చెప్పించాడు.

అక్షిత పది నిమిషాల్లో వచ్చింది. ప్రహ్లాద్ ఐదింటికి వచ్చాడు, ముఖం నిండా బొగ్గుమసి, కళ్లు మాత్రం ఎర్రగా. అప్పటికి పిల్ల కాస్త తెరిపిన పడింది. డొక్కల ఎగురుడు తగ్గింది గానీ ఆగలేదు. రెండు రోజులు ఇక్కడే ఉంచాలంది డాక్టరమ్మ. ఇంకో అరగంట ఆలస్యమైతే చంద్రపూర్ పెద్దాస్పత్రికి తీసుకుపోయినా దక్కేది కాదేమో అని, గొంతు పెంచకుండానే చెప్పింది. తర్వాత ఫైలు తెరిచి మూడోసారి అదే ప్రశ్న అడిగింది.

"ఘరాత్ కోణీ బీడీ, సిగరేట్ ఓఢతం కా?"

"నాహీ మేడమ్" అంది అక్షిత. ఈసారి గొంతు సన్నబడింది.

"అయితే మీ జాగాలోనే ఏదో ఉంది. గని పక్కన ఉంచకండి పిల్లను. కొన్నాళ్లు వేరే ఊర్లో పెట్టి చూడండి" అంది డాక్టరమ్మ మరాఠీలోనే.

ప్రహ్లాద్ భార్య వైపు తిరిగాడు. "నౌకరీ ఇడిచిపెట్టు. పిల్లను తీస్కొని వరోరా మీ అమ్మోళ్లింటికి పో. నేను, అమ్మ ఈడ క్వార్టర్ల ఉంటం."

అక్షిత తల ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. సాయమ్మ చూస్తూ ఉంది. చేయని తప్పుకు కోడలు ఉద్యోగం పోతోంది. చేయని తప్పుకు ఇల్లు రెండు ముక్కలవుతోంది. తను ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అది కూడా ఆలోచించింది, అబద్ధమెందుకు.  లోపల మంచం మీద నుంచి సన్నగా పిల్లికూత వినబడింది.

సాయమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బజారులో నేర్చుకున్న మరాఠీలో డాక్టరమ్మతో అంది: "మీ ఓఢతే, బాయీ. మీ."

నేను తాగుతానమ్మా, నేను.

 సాయమ్మ తెలుగులోకి మారింది, కొడుకు ముఖం చూడకుండా చెప్పింది. "ఇయ్యాల గూడ తాగిన. వంటింట్ల తలుపేసుకొని తాగిన. పొగ పిల్ల మీద ఉన్నది. నా కండ్లతోని సూసిన. మొదటిసారి గూడ, పండుగప్పుడు గూడ, నేనే. మీరు నన్నేడికన్న పంపియ్యుండ్రి. పిల్లను మాత్రం ఎటూ పంపకుండ్రి."

 "మానేసిన అన్నవు గదనే" అన్నాడు ప్రహ్లాద్. ఆ మాటలో కోపం లేదు. చిన్నప్పుడు జాతరలో తల్లి చెయ్యి విడిచిపెట్టినప్పుడు అట్లా చూశాడు వాడు. సాయమ్మ ఆ చూపుకు తల దించుకుంది.

అక్షిత కళ్లు తుడుచుకుంది. "నాకెరుకే అత్తమ్మా" అంది.

సాయమ్మ తలెత్తింది.

"ఏడాది నుంచి ఎరుకే. సాయంత్రం ఇంట్లకు రాంగనే వాసనొస్తది. కర్టెన్లకు, పిల్ల జుట్టుకు. అడుగుదామని పది సార్లు నోటిదాక వచ్చింది. అడిగితే మీరు మనసు కష్టపెట్టుకొని గోండ్‌పిప్రి పోతరేమో, పిల్లను ఎవరు సూస్తరు, నా నౌకరీ ఎట్ల అని భయమైంది. డాక్టరమ్మ అడిగినప్పుడు మీ ముందట ఎట్ల చెప్పాలె? గిట్ల అబద్ధం చెప్పి నేనే నా బిడ్డను..." 

సాయమ్మ భయపడి దాచింది. కోడలు భయపడి దాచింది. ఇద్దరి మధ్య పిల్ల ఊపిరి నలిగిపోయింది.

డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. ఫైలులో ఏదో కొట్టేసి, ఏదో రాసింది. తర్వాత సాయమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అర్థమయ్యేట్టు నెమ్మదిగా చెప్పింది. తలుపు వేసుకుంటే పొగ ఆగదు. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా మొత్తం పోదు. పిల్ల ఇంట్లో లేనప్పుడు తాగినా దుప్పట్లకు, గోడలకు పట్టుకుని ఉంటుంది. ఇంటి లోపల ఏ గదిలోనూ, ఏ వేళలోనూ, ఎవ్వరూ తాగొద్దు, చుట్టాలైనా సరే. మానలేకపోయిన రోజు దూరంగా పోయి తాగి, చేతులు, నోరు కడుక్కుని, చీర మార్చి పిల్లను ఎత్తుకో. మానడమే మంచిది. చంద్రపూర్ సర్కారు దవాఖానలో మాన్పించే డాక్టర్లున్నారు, చీటీ రాసిస్తాను, పో.

"మానకపోతే?" అని అడిగింది సాయమ్మ. ఎదురు చెప్పాలని కాదు. తన మీద తనకే నమ్మకం లేక.

"మళ్లీ ఇక్కడికే తెస్తారు" అంది డాక్టరమ్మ. "ప్రతిసారీ టైముకు వస్తారని నేను చెప్పలేను."

మూడో రోజు దివ్యను ఇంటికి తెచ్చారు. సాయమ్మను గోండ్‌పిప్రి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి ఎప్పుడు ఎత్తుతారోనని ఆమెకు గుండెల్లో దడగానే ఉండేది. ప్రహ్లాద్ వారం రోజులు తల్లితో అవసరమైన మాటలే మాట్లాడాడు. అత్తాకోడళ్లు కలిసి కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ ఉడుకునీళ్లలో నానబెట్టి ఉతికారు. వంటింటి గోడ తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు పసుపు పట్టింది.  సాయమ్మ ఆ గుడ్డను తనే తీసుకుపోయి పారేసింది.

చంద్రపూర్ దవాఖానలో నమలడానికి మందుబిళ్లలు ఇచ్చారు. చేతులు వణికేవి. అన్నం సయించేది కాదు. ఊరికే ఏడుపు వచ్చేది. తొమ్మిదో రోజు ఆగలేక కాలనీ గోడ అవతలికి పోయి ఒకటి తాగింది. తిరిగి వచ్చి తలస్నానం చేసి, చీర మార్చుకుని కూడా, సాయంత్రం దాకా పిల్లను ముట్టుకోలేదు. "ఆజీ, ఎత్తుకో" అని పిల్ల వెంటబడితే గదిలోంచి గదికి తప్పించుకు తిరిగింది. అక్షిత రాగానే చెప్పేసింది: "ఇయ్యాల ఒకటి తాగిన. బయట." అక్షిత చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "చెప్పిండ్రు గద, అదే సాలు అత్తమ్మా" అంది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం వరోరా నుంచి మరిది సమ్మన్న వచ్చాడు. రాయమల్లు తమ్ముడు. అన్న పోయిన రోజు అందరికన్నా ముందు గుమ్మంలో నిలబడ్డవాడు, ప్రహ్లాద్ నౌకరీ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు. ఆ ఇంట్లో అతనికి ఎదురు మాట లేదు. ప్రహ్లాద్ డ్యూటీలో ఉన్నాడు, అక్షిత కూరగాయలకు బజారుకు పోయింది. బయట జల్లు పడుతోంది. సమ్మన్న కుర్చీలో కూర్చుని, దివ్యను ఒళ్లోకి లాక్కుని, అలవాటు చొప్పున జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు.

 మొగుడి తమ్ముణ్ణి, ఇంటికి వచ్చిన మనిషిని, ఎట్లా అనాలి? అగ్గిపుల్ల అంటుకుంది.

ముందు పోయి పిల్లను ఒళ్లోంచి తీసుకుంది. తర్వాత అంది. "సమ్మన్నా, ఇంట్ల తాగకు."

అతను పరాచికమనుకున్నాడు. "ఏంది వదినె, నువ్వే గీ మాటంటున్నవ్? నా కంటె ముందుగాల తాగినదానివి."

"నేను మానే తిప్పలల్ల ఉన్న. పిల్లకు పడుతలేదు. పానం పోయేదుండె."

"మనం బొగ్గుబాయిల కాడ పుట్టి పెరిగినోళ్లం. ఒక్క బీడీకి ఎవడన్న సస్తడా?"

"సావకపోవచ్చు" అంది సాయమ్మ.  "నేను సూసిన సమ్మన్నా. పిల్ల పెదువులు నల్లవడుడు సూసిన. ఇంకొకపారి సూసే బలం నాకు లేదు. నీకు దండం పెడత, అవతల షెడ్డు కింద తాగి రా. నేను చాయ పెడత."

 అగ్గిపుల్ల వేలిదాకా కాలితే సమ్మన్న విదిలించి పారేశాడు. బీడీని చెవి మీద పెట్టుకుని లేచాడు. "అన్న ఉన్నప్పుడు ఈ ఇంట్ల గిట్ల లేకుండె" అన్నాడు. గొడుగు తీసుకుని జల్లులోనే బస్టాండు వైపు నడిచాడు. చాయకు ఆగలేదు.

సాయమ్మ పొయ్యి మీద పెట్టిన నీళ్లు దించేసింది. ఇక ఈ గడప తొక్కుతాడో లేదో. చుట్టపోళ్లలో ఏం చెప్పుకుంటాడో. రేపు తనకేదైనా అయితే భుజం పట్టే మనుషుల్లో ఒకడు తగ్గాడేమో. ఆలోచించినకొద్దీ భయమేసింది. అయినా కిటికీ తెరిచి, ఆ ఒక్క అగ్గిపుల్ల వాసన పోయేదాకా పిల్లను చంకన పెట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

అక్షిత తడిసిన సంచితో వచ్చింది. "చిన్నమామ వచ్చిండని చెప్పిండ్రు, ఏడి?"

"పోయిండు."

"చాయ తాగకుంటనే?"

"బీడీ ముట్టియ్యబోయిండు. వద్దన్న. అలిగి పోయిండు."

అక్షిత సంచి కింద పెట్టింది.  "నేను ఫోన్ చేస్త లెండి మామకు" అంది. "మీరు కాదు, డాక్టరమ్మే వద్దన్నదని చెప్త."

"నేనే వద్దన్ననని చెప్పు" అంది సాయమ్మ.

సమ్మన్న దసరా దాకా రాలేదు. దసరాకు జమ్మి ఆకు తీసుకుని వచ్చాడు, గడప బయటే చెప్పులతోపాటు బీడీ కట్ట కూడా పెట్టి లోపలికి వచ్చాడు.  దివ్యకు ఆ వానాకాలమంతా ఆయాసం రాలేదు. చలికాలంలో ఒకసారి వచ్చింది గానీ ఇంట్లో పంపుతోనే తగ్గింది. సాయమ్మ దీపావళికి ముందు మళ్లీ రెండు బీడీలు తాగింది, రెండూ చెప్పింది. ఆ తర్వాత తాగలేదు.

భయం మాత్రం పోలేదు. మధ్యాహ్నం పిల్ల పడుకుంటే ఇప్పుడామె వంటింట్లోకి పోదు. పక్కనే చాప మీద కూర్చుని, ఆ చిన్న ఛాతీ లేచి పడడం చూస్తూ ఉంటుంది.